అతుకు తెలియని పాటలు

తలుపు తీయగానే ఎదురింటి అమ్మాయి. చేతిలో ఐసు ముక్కలు కట్టిన తువ్వాలు, కళ్ళలో నిప్పులు.

"మీ పాట ఎప్పుడైపోతుందండీ?"

"అవదండీ," అన్నాడతను గర్వంగా. "అవకుండా ఉండాలనే ఇన్నాళ్ళూ తంటాలు పడ్డాను."

"అయితే వచ్చి చూడండి, మీ తంటాలు ఎవరి మోకాలి మీదకొచ్చాయో!"

అతను లిఫ్టుల మెకానిక్. పొద్దంతా గ్రీజు పూసుకునే పని. సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేశాక, లాప్‌టాప్ ముందు కూర్చుని పాటకి పాట కలపడం అతని సరదా. ఒక పాట ఎక్కడ తప్పుకుందో, ఇంకోటి ఎక్కడ అందుకుందో వినేవాడికి తెలియకూడదు. తెలిసిందా, ఆ పూట అతనికి అన్నం సయించదు.

ఎదురింట్లో ఆ అమ్మాయి అమ్మమ్మ కుర్చీలో కాలు చాపుకుని ఉంది. మోకాలు గుమ్మడికాయలా వాచింది. ఆపరేషన్ అయ్యాక డాక్టరు చెప్పాడట, రోజూ ఒక పాట అయ్యేదాకా నడవండి, పాట ఆగితే మీరూ ఆగిపోండి అని. ఆవేళ ఆవిడ రేడియో పాడైంది. ఎదురింటి పాట ఎలాగూ వినిపిస్తోంది కదా అని దాంతోనే నడక మొదలుపెట్టింది.

"ఇప్పుడైపోతుంది, ఇప్పుడైపోతుంది అనుకుంటూ నడిచాను నాయనా," అంది అమ్మమ్మ. "ఈ గోడకీ ఆ గోడకీ తిరిగిందంతా కలిపితే పొరుగూరు చేరేదాన్ని!"

"అది ఒక్క పాట కాదు అమ్మమ్మగారూ. చాలా పాటలు కలిపి..."

"కలిపితే మాత్రం! పాడేవాళ్ళు మధ్యలో గుక్కెడు నీళ్ళైనా తాగరా?"

మనవరాలికి నవ్వొచ్చింది. తను కోపంగా ఉన్నానని గుర్తొచ్చి మొహం తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం అతను చూడనే చూశాడు.

వాపు తగ్గింది గానీ అమ్మమ్మ కుర్చీ దిగనంది. పాట పెడితే చాలు, బెదురు. "మళ్ళీ అది ఆగకపోతే?" నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు హెచ్చరించాడు. పాపం తనదే కనుక మందూ తనే చేసిస్తానన్నాడతను. ఆవిడ కోసమే ఒక మిక్స్. నెమ్మదిగా మొదలై, తెలియకుండా కాస్త వేగం అందుకుని, మళ్ళీ నెమ్మదించి, బుద్ధిగా ముగిసేది.

మనవరాలు కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తుంది. ఏ పనైనా ఎలా జరుగుతుందో తేలేదాకా వదిలే మనిషి కాదు. షాపు నుంచి రాగానే అతని ముందుగదిలో కుర్చీ లాక్కుని కూర్చునేది.

"ఇప్పుడేం చేశారు?"

"మొదటి పాటలో బేస్ తగ్గించి, రెండోదాన్లో పెంచాను. రెండూ ఒక్కసారే మోగితే కొట్టుకుంటాయి."

"స్పీడు కలవకపోతే?"

"ఇదిగో, వినండి."

ఇరుకు గుమ్మంలో ఇద్దరు లావుపాటి మనుషులు ఒకేసారి దూరబోయినట్టు రెండు పాటలూ గుద్దుకున్నాయి. ఆమె పడీ పడీ నవ్వింది.

"ఇంకోసారి చెడగొట్టండి, ప్లీజ్!"

చెడగొట్టాడు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు.

లేచేటప్పుడు "అయిందా?" అనేది. "చివరి అతుకు కుదరలేదండీ," అనేవాడు. మర్నాడూ అదే మాట.

ఓ సాయంత్రం, వాన కిటికీని బాదుతుంటే, ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ చివరి అతుకు వింది. వెనక్కి జరిపి మళ్ళీ వింది. తర్వాత అతని వంక చూసింది.

"ఇది నిన్నా ఇలాగే ఉంది. మొన్నా ఇలాగే ఉంది."

"కొంచెం..."

"కొంచెం లేదు, గించెం లేదు. వినడం నేర్పింది మీరేగా? ఎప్పుడైపోయిందిది?"

"మొన్న ఆదివారం."

"చెప్పలేదేం?"

అతను చార్జరు తీగ వేలికి చుట్టుకున్నాడు. "చెబితే మీరు రావడం మానేస్తారుగా."

ఆమె మొహంలో ఏదో మెత్తబడింది. అంతలోనే గట్టిపడింది. "అవతల మా అమ్మమ్మ కాలు బిగుసుకుపోతోంది. అదైనా గుర్తుందా?"

అతను గబగబా ఆ మిక్స్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. ఆమె పెన్‌డ్రైవ్ పీక్కుని వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం అతను తన తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాడు. ఎదురింట్లో పాట మొదలైంది. అమ్మమ్మ చేతికర్ర చప్పుడు లేదు. మొదటి పాట రెండోదాన్లో కలిసిపోయింది. అప్పుడూ లేదు. అంతలో టక్ మంది ఒకసారి. ఆగి, మరోసారి. మెల్లగా కర్ర పాటలో పడింది. పాట నెమ్మదించింది, ఆగింది.

కర్ర మాత్రం ఆగలేదు. దగ్గరికొచ్చి అతని తలుపునే కొట్టింది.

"పాట అయిపోయింది," అంది అమ్మమ్మ చెమట తుడుచుకుంటూ. "కాలు ఇంకాస్త పోతానంది. సరే పొమ్మన్నాను."

వెనకే మనవరాలు, పడితే పట్టుకోడానికి చేతులు చాపి ఉంది. అతని వైపు మాత్రం చూడదు.

"ఇది ఎప్పుడో అయిపోయింది అమ్మమ్మగారూ. నేనే దాచాను. తప్పు నాది."

"తెలుసు. నిన్నటి నుంచీ నిన్ను తిడుతూనే ఉంది." అమ్మమ్మ గొంతు తగ్గించాననుకుంది. "నచ్చనివాళ్ళని ఇది ఒక్క మాటతో వదిలేస్తుంది. నీకిన్ని తిట్లెందుకా అని నాకు అనుమానం!"

"అమ్మమ్మా!"

"రేపట్నుంచి ఆ పాటల పెట్టె తెచ్చి మా ఇంట్లోనే కలుపు. నా కళ్ళముందు. సాకులు చెప్పావో, కర్ర ఉంది."

అతను మనవరాలి వైపు తిరిగాడు. "మీరేమంటారండీ?"

"నాకింకా కోపం పోలేదు," అందామె గోడకేసి చూస్తూ.

"ఎప్పటికి పోతుంది?"

"నేనెలా చెప్తాను?" ఈసారి అతని వైపే చూసింది. "రోజూ వచ్చి కనుక్కోండి."