పందొమ్మిదో రూముల గోర్ల చప్పుడు

పందొమ్మిదో రూము దిక్కు పోకున్రి — మా హాస్టల్ల అడుగు పెట్టిన ప్రతి కొత్తపిల్లకు మొదటిరోజే చెవుల పడే మాట గిది. చేతిల బకెట్ కింద పెట్టకముందే చెప్తరు. రాత్రి పన్నెండు దాటినంక గా రూముల గోడవతల ఎవరో గోర్లు కోసుకుంటరట. కచ్... కచ్... కచ్... రాత్రిపూట గోర్లు కోస్తె ఇంటికి అరిష్టమని మన ఇండ్లల్ల చిన్నపిల్లలకు గూడ ఎరుక. మరి గా కోసుకునేది ఎవరు?

నేను మెస్సుల చపాతీలు చేసే శంకరమ్మను. మీరేమో వేడినీళ్లు ఎన్నింటికొస్తయ్, అటెండెన్సు ఎంతుండాలె, రూము మార్చుకోనిస్తరా అని పొద్దటిసంది నా పానం తీస్తున్నరు. అవన్ని నోటీసు బోర్డు మీద ఉన్నయ్, పోయి సదువుకోన్రి. పందొమ్మిదో రూము ముచ్చట మాత్రం బోర్డు మీద దొరకది. రెండేండ్ల కింద నిరోష నాకు ఎట్ల చెప్పిందో గట్లనే చెప్త. నడుమల అడ్డం రాకున్రి.

నిరోషది రుద్రూర్. చెరుకు చేన్ల నడుమ పెరిగిన పిల్ల. ఎమ్మెస్సీల సీటొచ్చింది గని హాస్టల్ లిస్టుల పేరు రాలే. వాళ్ల బాపు లింబయ్య ఒక్కటే మాటన్నడు. "హాస్టల్ దొరికితెనే సదువు, బిడ్డ. నిజామాబాద్‌ల కిరాయి రూముల ఒక్కదాన్ని ఉంచుడు నాతోని గాదు."

పిల్ల ఏడ్చుకుంట వార్డెన్ మేడం దగ్గరికి పోయింది. మేడం చానసేపు రిజిస్టర్ తిప్పింది.

"పందొమ్మిది ఒక్కటే ఖాళీ. నీకంటె ముందు ముగ్గురు దిగి, ముగ్గురు ఖాళీ చేసిన్రు. వారం రోజులుంటె సీటు నీ పేరున రాస్త. నడుమల ఎల్లిపోతె... నా చేతుల ఏం లేదు."

నిరోష గా దినమే పెట్టె దించింది.

మొదటి రాత్రి ఏం చప్పుడు లేదు. వాసన వచ్చింది. ఘాటు వాసన, ముక్కుల మంట పెట్టే వాసన. కిటికీ మూసింది, పోలేదు. రూముల ఎనక గోడకు ఒక చిన్న తలుపున్నది, అవతల పాత స్టోరు. ఎన్నడో మూసేసి, ముంగట బల్ల అడ్డం పెట్టిన్రు. వాసన గా తలుపు సందుల నుంచే వస్తున్నది.

రెండో రాత్రి...

కచ్.

నిరోష కండ్లు తెరిచింది. పంకా ఆపి చెవి పెట్టింది.

కచ్... కచ్... కచ్... కొంచెంసేపు ఆగింది. మల్ల కచ్... కచ్.

ఎన్ని గోర్లుంటయ్ మనిషికి? ఇరువై. నిరోష లెక్కపెట్టింది. ఇరువై దాటింది. యాభై దాటింది. వంద దాటింది — ఇంక లెక్కపెట్టుడు ఆమె వశం గాలేదు.

చెప్పులు గూడ తొడుక్కోకుండ ఉరికి పక్కరూము తలుపు కొట్టింది. లోపలి పిల్ల తలుపు తియ్యలే. సందుల నుంచే మెల్లగ అన్నది. "పండుకో అక్క. అదేం చెయ్యది. నువ్వు గా తలుపు జోలికి మాత్రం పోకు."

గా మాటతోని ఉన్న ధైర్యం గూడ పాయె. తెల్లారేదాక మంచం మీద మోకాళ్లు పట్టుకొని కూసున్నది. పొద్దున పెట్టె సర్దుకున్నది. బాపు మాట యాదికొచ్చి సర్దినయన్ని మల్ల తీసింది. ముందు నుయ్యి, ఎనక గొయ్యి.

మూడో రాత్రి చప్పుడు జెర జల్దీ మొదలైంది. కచ్... కచ్... వాసన గూడ ఎక్కువైంది. దుప్పటి నిండ కప్పుకున్నది. అయినా ముక్కుల దురద పుట్టింది. ఆపుకున్నది, ఆపుకున్నది... వశం గాలేదు. గట్టిగ తుమ్మింది.

చప్పుడు ఆగింది.

ఎంతసేపు ఆగిందో ఆమెకే తెల్వదట. గప్పుడు —

గోడవతల ఇంకొక తుమ్ము.

నిరోష దుప్పటి తీసేసింది. ఇప్పటిదాక గజగజ వణికిన పిల్లకు కోపమొచ్చింది. దెయ్యం తుమ్ముతదా? దెయ్యానికి జలుబు చేస్తదా? లేచి బల్ల జరిపింది. గొళ్లెం గుంజి తలుపు నూకింది.

ఫోన్ లైటు ఎలుగుల ఒక ఆడపిల్ల కూసున్నది. ఒళ్లె చాట, చాటల తంబాకు. పక్కన తడిబట్టల చుట్టిన తునికాకు, చేతిల కత్తెర. మోకాలి కింద ఎకనామిక్స్ పుస్తకం తెరిచి ఉన్నది.

"లొల్లి చెయ్యకు అక్క," అన్నది పిల్ల. పెదవులు వణుకుతున్నయ్.

పేరు జ్యోతిరాణి, సెకండియర్. ఈ పిల్లను కన్న అవ్వకు చేతులు వంకర్లు పోయినయ్, బీడీలు చుట్టుడు అయితలేదు. బీడీలు ఆగితె కంపెనీ ఇచ్చిన కార్డు తీసేస్తరు. కార్డు పోతె రేపు ముసలితనంల వచ్చే పింఛను పోతది. అవ్వ దవాఖానల ఉన్నన్ని రోజులు ఈ పిల్ల కాలేజీకి రాలే. అటెండెన్సు తక్కువైందని హాస్టల్ సీటు తీసేసిన్రు. అందుకే పగలు క్లాసుకు పోతది, రాత్రి అవ్వ పేరు మీద బీడీలు చేస్తది. ఆదివారం ఇంటికి పోయి ఇచ్చొస్తది. స్టోరు ఎనక తలుపు మెస్సు దిక్కు తెరుసుకుంటది. తాళంచెవి ఎవరిచ్చిన్రంటె... గది మీకెందుకు?

"మరి పక్క రూములోళ్లు ఇంటలేరా?" అన్నది నిరోష.

"అందరు ఇంటరు అక్క. వీళ్లందరియి బీడీల ఇండ్లే. తునికాకు కోసే చప్పుడు తెల్వనోళ్లు ఎవరున్నరు? నీది చెరుకు ఇల్లు, నీకే తెల్వలే."

"మరి ఎల్లిపోయిన ముగ్గురు?"

"సీటు లేని పిల్ల పక్కన దొరికితె వాళ్ల సీటు గూడ పోతదని భయపడ్డరు. వేరే రూములల్ల ఇరికి ఉంటున్నరు." పిల్ల తల దించుకున్నది. "దెయ్యమని చెప్పిన్రు గని, ఒక్కలు గూడ నా పేరు చెప్పలే."

నిరోష తలుపు దగ్గరికేసి మంచం మీద కూసున్నది. ఇప్పుడు అసలు భయం మొదలైంది. తనిఖీ వస్తె? నాకేం ఎరుక లేదంటె ఎవరు నమ్ముతరు? సీటు పోతది, రుద్రూర్ బస్సెక్కుడే. బాపు ఇంకోపారి పంపడు. చెప్పేద్దామనుకున్నది. తప్పేమున్నది, రూలు రూలే గద. మీతోని అబద్ధమెందుకు చెప్పాలె — నేనైనా గట్లనే అనుకుంటుంటి.

పొద్దున వార్డెన్ ఆఫీసుకు పోయింది. మేడం ఒక్కతే ఉన్నది.

"ఖాళీ చేస్తవా?"

"లేదు మేడం. ఒక మాట చెప్పాలె... రాత్రి గోడవతల..."

"ఆగు." మేడం లేచి తలుపు దగ్గరికేసింది. వచ్చి కూసొని మెల్లగ అన్నది. "నాది బోధన్. మా అవ్వ చాట ముంగట కూసొని నన్ను సదివించింది. నేను గూడ కత్తెర పట్టినదాన్నే. రాత్రి రౌండుకు వచ్చినప్పుడల్ల గా గోడ పక్కపొంటి నడుస్త. నువ్వు నోటితోని చెప్తె నేను రాయాలె. రాస్తె పైకి పంపాలె." రిజిస్టర్ ముంగటికి గుంజుకున్నది. "ఇప్పుడు చెప్పు. గోడవతల ఏమున్నది?"

నిరోష మేడం మొకం దిక్కు చూసింది. ఎదురుంగ ఉన్న రిజిస్టర్ దిక్కు చూసింది. బాపు కండ్లల్ల మెదిలిండు. గోడవతల వణికిన గా పెదవులు గూడ మెదిలినయ్.

"దెయ్యం, మేడం."

మేడం తల ఊపింది. రిజిస్టర్ తెరిచి పందొమ్మిది నంబరు ఎదురుంగ నిరోష పేరు రాసింది. వారం గాకముందే రాసింది.

"పో, క్లాసుకు టైమైతున్నది," అన్నది తల ఎత్తకుండనే. "రాత్రిపూట రూముల జెర చప్పుడు చెయ్యకు. గా దెయ్యానికి వచ్చేనెల పరీక్షలున్నయ్."