ఇరవై ఐదో పిన్ను

"అన్నగారూ! బోర్డు పలికింది! మీ రుణం తీర్చుకోలేను!"

పదీ ఇరవైకి స్క్రీన్ మీద ఆ మెసేజ్ మెరవగానే కంట్రోల్ రూమ్‌లో చప్పట్లు మోగాయి. ఎవరో ఈల కూడా వేశారు. గూఢచారి శాఖ ఏజెంట్ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. పదకొండు రోజులుగా అతను పడ్డ తిప్పలన్నీ ఈ శుభవార్త కోసమే. శత్రువు యంత్రం పనిచేయడం కోసమే!

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ కొత్తల్లుడు అంటారు. పెళ్లయి మూడు వారాలు. పొద్దున్నే భార్య బొత్తాం కుట్టిన చొక్కా వేసుకొచ్చి, ఆ బొత్తాన్ని గంటకోసారి తడిమి చూసుకుంటున్నాడు. అంత సంతోషంలో ఉన్నవాడికి ఇలాంటి పని అప్పగించడమే అన్యాయం.

విదేశీ ముఠా ఒకటి దొంగదారిన ఒక రేడియో బోర్డు తెప్పించింది. అరచేతిలో ఇమిడే లైనక్స్ కంప్యూటర్ నెత్తిన దాన్ని టోపీలా తొడిగితే, నది మీది డ్యామ్ గేట్లు దాని మాట వింటాయి. గేట్ల దిగువన మూడు వందల మంది మరమ్మతు పనిలో ఉన్నారు. ముఠా పెట్టుకున్న మెకానిక్‌కి బోర్డు ఎంతకీ లొంగలేదు. విసిగిపోయి, "పాతరేడియో" అన్న పేరుతో హాబీవాళ్ల ఫోరమ్‌లో సాయం అడిగాడు. అడుగుతూ కంప్యూటర్ తన చిట్టా రాసుకునే లాగ్ మొత్తం అతికించేశాడు, తన గది కింద ఉన్న లాండ్రీ వైఫై పేరుతో సహా! చిక్కుకుపోయినవాడికి సిగ్గుండదు. ఆ వృత్తిలో అది అందరూ చేసే పొరపాటే.

అలా కొత్తల్లుడు "రిటైర్డ్ మేస్త్రి" వేషం కట్టాడు. నలభై పిన్నుల్లో బోర్డు ఒక వరస పక్కకి కూర్చుందని ఫొటో చూసి చెప్పాడు. కంప్యూటర్ ఆదేశాలుండే కాన్ఫిగ్ ఫైలులో మూసుకుపోయిన లైను తెరిపించాడు. అరవై దాటిన ఆ మనిషి, ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాణ్ని నోరారా అన్నగారూ అని పిలిచాడు. వాతావరణ బెలూన్ల కబుర్లు వినే రేడియో చేస్తున్నానని మురిసిపోయాడు. అతనికి నిజంగానే అంతకుమించి తెలియదు.

"ఏం అల్లుడూ, మొహం అలా పెట్టావ్?" డిపార్ట్‌మెంట్ పెద్దాయన వచ్చి భుజం తట్టాడు. "బోర్డు పలికితే తప్ప వాళ్ల బాస్ కన్నం వదిలి బయటికి రాడు. ఇప్పుడొస్తాడు. వజ్రం కబురు పంపింది. గేట్లెత్తడానికి నాలుగూ పదికి ముహూర్తం. కిందివాళ్లని ముందే ఖాళీ చేయిస్తే అతను జారుకుంటాడు."

వజ్రం ముఠాలో మన డబుల్ ఏజెంట్. పట్టుచీర కడితే పార్టీ హాలంతా తలతిప్పి చూస్తుంది. చెవి దుద్దులో మైక్రోఫోన్, పెదవుల మీద ఎవరికీ అర్థంకాని నవ్వు.

"మెకానిక్ సంగతేంటి సార్?"

"ఏ మెకానిక్?" అన్నాడు పెద్దాయన, అంతే.

అప్పుడే మరో మెసేజ్. "అన్నగారూ, బోర్డు కాలిపోయేంత వేడెక్కుతోంది. చిన్న ఫ్యాన్ పెట్టుకోనా?"

పెద్దాయన కళ్లు మెరిశాయి. కొత్తల్లుడికి అర్థమైంది. రేడియో రీసెట్ అయ్యేది ఇరవై ఐదో పిన్నుతో. ఫ్యాన్‌కీ అదే పిన్ను ఇచ్చే లైను రాసిచ్చి రీబూట్ చేయిస్తే, ఫ్యాన్ తిరుగుతుంది, రేడియో చచ్చి ఊరుకుంటుంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు.

రాసిచ్చాడు. వేళ్లు చేదెక్కినట్టు అనిపించింది.

"ఫ్యాన్ ఎంత చల్లగా తిరుగుతోందో! చల్లగా ఉండండి అన్నగారూ."

మూడూ యాభై అయిదుకి కమాండోలు బట్టలమూటలతో లాండ్రీలోకి దూరి, మెట్లెక్కి తలుపు బద్దలుకొట్టారు. గది ఖాళీ. టేబుల్ మీద సోల్డరింగ్ ఐరన్ ఇంకా వేడిగా ఉంది. పక్కన ఒక చెవి దుద్దు. లోపల మైక్రోఫోన్ నలిగి ఉంది.

"వజ్రం అమ్ముడుపోయింది!" పెద్దాయన గొంతు కీచుమంది. "డ్యామ్ ఖాళీ చేయించండి!"

"అరగంట పడుతుంది సార్," అన్నారెవరో.

గడియారంలో మూడూ యాభై తొమ్మిది. స్క్రీన్ మెరిసింది.

"అన్నగారూ, నన్ను వ్యాన్‌లో ఎక్కించారు. బెలూన్ దగ్గరికట. ఒక చెవికే దుద్దున్న మేడమ్ ఫ్యాన్ లైను తీసేయమన్నారు, తీశాను. రేడియో లేచింది. మీరు నన్ను మోసం చేశారంటున్నారు. నేను నమ్మలేదు. నిజమేంటి?"

"అబద్ధమని రాయి. ఇంకో లైను ఇవ్వు," అన్నాడు పెద్దాయన.

"ఇచ్చినా రీబూట్ కానివ్వరు సార్. అక్కడ బోర్డుని తాకగల మనవాడు అతను ఒక్కడే. నిజం చెప్పేస్తాను."

"బయటివాడికి ఆపరేషన్ విప్పితే నీ ఉద్యోగం ఊడుతుంది!"

కొత్తల్లుడు అప్పటికే టైప్ చేస్తున్నాడు. "మేడమ్ చెప్పింది నిజం. మోసం చేశాను. నేను మేస్త్రిని కాదు, మీ కొడుకు వయసువాణ్ని. ఆ రేడియో వినడానికి కాదు, డ్యామ్ గేట్లు ఎత్తడానికి. కింద మూడు వందల మంది ఉన్నారు. క్షమించండి."

నాలుగూ రెండు. నాలుగూ ఐదు. డ్యామ్ కెమెరాలో హెల్మెట్ల గుంపు మెట్ల దారిన చీమల బారులా కదులుతోంది, ఇంకా సగం మంది కిందే ఉన్నారు. నాలుగూ తొమ్మిది. గేట్ల మీద, తెరవడానికి సిద్ధమని చెప్పే పచ్చలైటు ఒకసారి మిణుక్కుమంది.

లైటు ఆరిపోయింది.

స్క్రీన్ మీద నాలుగు ముక్కలు: "మూడు పాయింట్ మూడు వోల్టుల పిన్నుకి ఐదు వోల్టులు కలిపాను. పొగొచ్చింది. పాపం, మంచి బోర్డు."

పావుగంటలో వ్యాన్ దొరికింది. బాస్, వజ్రం పొగ రాగానే వేరే కారెక్కి అప్పటికే సరిహద్దు దాటేశారు. వ్యాన్‌లో మిగిలింది దగ్గుతున్న ముసలాయన, మాడిన బోర్డు. అతనికే సంకెళ్లు వేశారు.

"ఆపరేషన్ సక్సెస్," అని ఫైలు మూశాడు పెద్దాయన. "ముద్దాయి నంబర్ వన్, బోర్డు అమర్చిన మెకానిక్."

"అమర్చడం నేర్పింది నేను సార్."

"నువ్వెవరు? రిటైర్డ్ మేస్త్రివి. అలాంటి మనిషి ఎక్కడా లేడు. ఉన్నాడని ఒక్క చాటింగ్ ముక్క కూడా కోర్టుకి వెళ్లదు. నీ ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడదాం. ఇంటికెళ్లు, కొత్త పెళ్లాం ఎదురుచూస్తుంటుంది."

నిజంగానే ఎదురుచూస్తోంది. గుమ్మంలోనే మొహం చూసి, ఏమీ అడగకుండా మంచినీళ్లు తెచ్చిచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చుంది. ఆ గ్లాసు నీళ్ల చల్లదనం తనకి దక్కాల్సింది కాదనిపించింది అతనికి.

"ఏం చేస్తుంటారో చెప్పకూడదన్నారుగా, అడగను. కానీ ఎవరికైనా ఏమైనా అయిందా?"

"ఒక పెద్దమనిషి నన్ను నమ్మాడు. నా నేరం ఆయన మీద పడింది. రేపు ఆయన్ని కోర్టులో పెడతారు. నేను బోనెక్కి సాక్ష్యం చెప్పాలనుకుంటున్నా. చెబితే ఉద్యోగం ఉండదు."

"పోతే పోయింది. ఇద్దరం వెతుక్కుందాం. బోనులో ఏం అడుగుతారు?"

"ముందు అసలు పేరు చెప్పమంటారు."

ఆమె ఒక్క క్షణం అతని వైపు అనుమానంగా చూసింది. "ఏమండీ, మన శుభలేఖలో వేయించిన పేరేనా, లేక అది కూడా డిపార్ట్‌మెంట్‌దేనా?"

పొద్దుటి నుంచి మొదటిసారి అతనికి నవ్వొచ్చింది, అదీ చేదుగానే.

"రేపు పదకొండింటికి కోర్టుకి రా. ముందు వరసలో కూర్చుంటే నువ్వే వింటావు."