మూడో రాక్

వాన. చీకటి. వెనక బైక్ హెడ్‌లైట్!

కల్యాణి రోడ్డు దిగి వరిచేలో దూకుతుంది. మోకాలి లోతు బురద. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది.

బైక్ ఆగింది. లైట్ ఆరింది.

అడుగులు మొదలయ్యాయి...

జేబులో ఫోన్ వణికింది.

"కిషోర్: మూడో రాక్ తలుపు తెరుచుకుంది."

కిషోర్ చనిపోయి నెల దాటింది.

ఇది దెయ్యం పని కాదని ఆమెకు తెలుసు. డేటా సెంటర్‌లో సర్వర్లుండే ఆ ఇనుప రాక్ తలుపు కదిలితే మెసేజ్ వచ్చేలా అతనే ఏర్పాటు చేశాడు, తన పేరు మీద. ఆ పేరు తీసెయ్యడానికి ఎవరికీ మనసు రాలేదు.

ఎవరు తెరిచారు?

భోపాల్‌పట్నం డేటా సెంటర్‌కి సామాను ఎంపిక చేసే ఇంజినీర్ కిషోర్. ఇప్పుడు ఆ కుర్చీలో కల్యాణి. తర్రెం ఊరి దాకా వేసే ఫైబర్‌కి ఉక్కు తొడుగున్న కేబుల్ ఎంచింది. అడవిలో ఎలుకలు మామూలు కేబుల్‌ని బతకనివ్వవు. రెండు వైపుల నుంచీ కరెంటు తీసుకునే స్విచ్‌లు ఎంచింది. మిగిలింది ఒక్కటే... రాకుల్లో కరెంటు పంచే పవర్ స్ట్రిప్.

కిషోర్ ప్రాణం తీసింది అదే.

స్ట్రిప్‌లో లోపం లేదు, అతనే సప్లై ఆపడం మర్చిపోయాడు అని రాసి ఫైలు మూసేశారు. ఆ స్ట్రిప్ ఇంకా మూడో రాక్‌లోనే ఉంది. రేపు పొద్దున కమిటీ ముందు దాన్ని విప్పి చూపిస్తానని కల్యాణి మధ్యాహ్నమే చెప్పింది.

ఈ రాత్రి అది మాయమైతే తప్పు కిషోర్‌దేనని ఖాయమైపోతుంది. దానికి కాపలా ఉండాలనే ఇంత వానలో బయల్దేరింది. అవే స్ట్రిప్పులు ప్రతి ఊరి ఆస్పత్రికీ, బడికీ వెళ్తాయి.

"మేడమ్... జెర ఆగుండ్రి!"

వినోద్! ఆ స్ట్రిప్పులు అమ్మే కంపెనీ మనిషి.

ఆమె ఆగదు. గట్టు ఎక్కుతుంది. ఫైబర్ డ్రమ్ముల మధ్య నుంచి దూరి, డేటా సెంటర్ తలుపు తోస్తుంది.

తెరిచే ఉంది!

లోపల టార్చ్ వెలుగు. దాని వెనక తెల్లజుట్టు.

"ఏవమ్మా, ఇలా తడిసిపోయావు? ముందు గొళ్లెం పెట్టు."

అప్పారావు.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కిరందుల్ గనిలో జీవితమంతా కరెంటు పని చేసి రిటైరైన మనిషి. కిషోర్‌కి పని నేర్పిన గురువు. ఈ ప్రాజెక్టుకి సలహాదారు. బచేలి కాలనీలో కల్యాణి చిన్నప్పటి నుంచి ఆయన్ని బాబాయ్ అనే పిలిచింది.

ఆమె గొళ్లెం పెట్టి, వినోద్ వెంటపడ్డాడని రొప్పుతూ చెప్పింది. వాడు స్ట్రిప్‌ని ఎత్తుకుపోతాడని తనకీ అనుమానం వచ్చిందనీ, అందుకే ముందే వచ్చాననీ ఆయన అన్నాడు. స్ట్రిప్ ఇప్పుడే తీసి తన ఇంట్లో దాచుదామన్నాడు.

మిగతా రాకుల్లో పచ్చ దీపాలు మిణుకుమంటున్నాయి. మూడోది మాత్రం నల్లగా నిలబడింది.

తలుపు మీద దెబ్బ!

"త్వరగా లాగమ్మా. సప్లై నేనే ఆపేశాను."

ఆమె చెయ్యి స్ట్రిప్ హ్యాండిల్ వైపు వెళ్తుంది...

బెత్తెడు దూరంలో ఆగిపోతుంది.

పోస్ట్‌మార్టం ఫొటో కళ్ల ముందు మెదిలింది. కిషోర్ అరచేయి... అడ్డంగా నల్లటి చార.

అరచేయి!

కిరందుల్ పనివాళ్లు ఏ ఇనుమునైనా ముందు చేతి వెనక వైపుతో తాకుతారు. కరెంటుంటే చెయ్యి విదిలించుకుంటుంది. అరచేత్తో పట్టుకుంటే వేళ్లు బిగుసుకుపోతాయి, వదలవు. కిషోర్ బీరువా తీసినా అలాగే తాకేవాడు. తను ఆపిన సప్లైని కూడా తనే నమ్మేవాడు కాదు.

మరి ఆ రోజు నిండు అరచేత్తో ఎందుకు పట్టుకున్నాడు?

వాళ్లలో ఒక్క మనిషి మాటకే పరీక్ష ఉండదు. గురువు ఆపానన్నాక మళ్లీ తాకి చూస్తే, ఆయన మొహం మీద ఉమ్మినట్టే.

కల్యాణి నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీరు తియ్యండి బాబాయ్."

టార్చ్ కదల్లేదు.

"నా మాట మీద నమ్మకం లేదా?"

"ఉంది. మీరే తియ్యండి."

బయట వినోద్ గొంతు చించుకుంటున్నాడు. "రాక్ ముట్టకుండ్రి మేడమ్! దాంట్ల బిజిలీ ఉన్నది. ముసలాయన రాక్ ఎనక వైరు కలుపుతుంటే కిటికీలకెంచి చూసిన!"

తరమడానికి కాదు... ఆపడానికి వచ్చాడు!

ఆమె వీపు గోడకి తగిలింది. తలుపుకీ ఆమెకీ మధ్య అప్పారావు.

ఆయన అరవలేదు. మీద పడలేదు. ఆ స్ట్రిప్పుల్ని మంచివని రాసిచ్చింది తనేనని చెప్పాడు. షాక్ కొట్టకుండా కాపాడాల్సిన ఎర్త్ పిన్ను లోపల దేనికీ కలపలేదని కిషోర్ కనిపెట్టాడట. గురువుగారూ, మీ పేరు పోతుంది, మీరే వెనక్కి తీసుకోండి అని బతిమాలాడట.

"వాడు నీలా ఒక్క మాట అడిగుంటే బతికేవాడమ్మా. అడగలేదు. నవ్వుతూ పట్టుకున్నాడు."

తలుపు పలకలు విరుగుతున్నాయి.

"ఇప్పుడు అడుగుతున్నాడు. కళ్లు మూస్తే చాలు... ఆపారా గురువుగారూ, ఆపారా, అని." ఆయన తల వంచి, ఎవరో పిలిచినట్టు రాక్ వైపు తిరిగాడు. "ఇదిగో... మళ్లీ."

ఆమెకు ఏమీ వినిపించలేదు. ఫ్యాన్ల హోరు తప్ప.

గొళ్లెం ఊడింది. తలుపు భళ్లున తెరుచుకుంది. వినోద్ లోపలికొచ్చి పడ్డాడు.

"బాబాయ్... వద్దు!"

అప్పారావు టార్చ్ కింద పెట్టాడు. పిల్లాడి దగ్గరికి వెళ్తున్నట్టు నల్లటి రాక్ ముందుకు నడిచాడు.

"ఆపాన్రా కిషోర్," అన్నాడు.

హ్యాండిల్‌ని నిండు అరచేత్తో పట్టుకున్నాడు!