దురాయి రోజున ఒక పడవ

బెన్హర్ శవం వలలో వచ్చింది.

మైపాడుకి ఉత్తరాన రాళ్లపాళెం అని పట్టపోళ్లనే జాలర్ల చిన్న ఊరు. అక్కడివాళ్లు తెల్లవారుజామున వల లాగుతుంటే బరువు తగిలింది. పెద్ద చేప పడిందని సంబరపడ్డారు పాపం. తీరా చూస్తే పడింది ఇంటెలిజెన్స్ ఏజెంట్. మెడ మీద దోమ కుట్టినంత చుక్క తప్ప ఒంటి మీద దెబ్బ లేదు. ఈతకు దిగి గుండె ఆగి చనిపోయాడని పోస్ట్‌మార్టంలో రాశారు. బెన్హర్‌కి ఈత రాదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

మర్నాడే నెల్లూరులో ఒక పళ్ల డాక్టరు క్లినిక్ వెనక గదిలో చీఫ్ పద్మనాభయ్య, ఏజెంట్ పెంచలప్రసాద్‌ని కూర్చోబెట్టి విషయం చెప్పాడు. నీలధార పోర్ట్స్ అనే కంపెనీ రాళ్లపాళెం ఒడ్డున రేవు కడతానంటోంది. కంపెనీ వెనకున్నది ఒక విదేశీ గూఢచారి ముఠా. రేవు పేరుతో రాడార్లు పెట్టుకుంటే శ్రీహరికోటలో లేచే ప్రతి రాకెట్ సిగ్నలూ వాళ్ల చెవిలో పడుతుంది. చట్టం ప్రకారం ముందు ఊళ్లో ప్రజాభిప్రాయ సభ జరగాలి. ఊరు వద్దంటే ఫైలు ఆగుతుంది.

"బెన్హర్ ఆఖరి మెసేజ్ ఒక్కటే. టార్గెట్ కాపు," అన్నాడు పద్మనాభయ్య.

కాపంటే ఆ ఊరి పెద్ద, చిన్నపోలయ్య. ఊరి తరఫున సభలో మాట్లాడేది ఆయన ఒక్కడే. ఆయన్ని సభలోనే చంపి, నేరం ఒక ముస్లిం వ్యాపారి మీదకి నెట్టాలని ముఠా ప్లానని లోపలి మనిషి ఒకరు కబురు పంపారు. ఊళ్లు తగలబడతాయి, నిషేధాజ్ఞలు వస్తాయి, ఆ గొడవలో రేవు గురించి అడిగే నాథుడుండడు.

ఇంత తెలిసీ కంపెనీని మూయించరేమని పెంచలప్రసాద్ అడిగాడు. పద్మనాభయ్య కళ్లజోడు తుడుచుకున్నాడు.

"దాని డైరెక్టర్లలో మనవాళ్ల బావమరుదులున్నారు ప్రసాద్. నువ్వు ఆ ముసలాయన్ని బతికించు చాలు."

పెంచలప్రసాద్‌ది కొడవలూరు. కాలవ నీళ్ల దగ్గర అన్నదమ్ములే కొట్టుకునే వరి రైతుల ఇల్లు. అలాంటివాడికి చిన్నపోలయ్య మాటలు వింతగా తోచాయి. సభకి ముందు రోజు మైక్‌సెట్ వాడి వేషంలో వెళ్లి, ప్రాణాపాయం ఉంది, రేపు రావద్దని ఆయన్ని బతిమాలాడు. ముసలాయన వల కుట్టడం ఆపలేదు.

"నేను రాకపోతే ఊరికి నోరు లేదబ్బయ్యా. దురాయి ఏసినాం."

దురాయి అంటే ఊరంతా కట్టుబడే ఆన. ఆ రోజు ఒక్క పడవ కూడా నీళ్లలో దిగదు. అందరూ సభకి రావాలి, కాపు తప్ప ఎవరూ నోరెత్తకూడదు. మరి ఎవడైనా దిగితే అని అడిగాడు పెంచలప్రసాద్.

"మా అయ్య కాలం నుంచీ దిగినోడు లేడు. దిగితే వాడి పడవ ఊరిది."

ఊరి నోరంతా ఒక్క గొంతులో పెట్టారు, ఆ గొంతు నొక్కడం ఎంత తేలికో వీళ్లకి తెలియదా అని పెంచలప్రసాద్‌కి ఒళ్లు మండింది. అయినా ఏం చేస్తాడు? షామియానా గుంజలకి స్పీకర్లు కట్టుకుంటూ కూర్చున్నాడు.

సభ రోజు పొద్దున ఇర్ఫానా కారు దిగింది. నీలధార పి.ఆర్. హెడ్. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, చెవులకి బుట్టకమ్మలు. ఆమె దిగగానే పోలీసులు కూడా చొక్కాలు సర్దుకున్నారు. సూళ్లూరుపేట పిల్ల. ముఠా జీతం తీసుకుంటుంది, మనకి సమాచారం ఇస్తుంది. రెండువైపులా ఎవరూ పూర్తిగా నమ్మరు.

మైక్ చూసే మిషతో దగ్గరికొచ్చి, "చేపల పులుసులో మామిడికాయ వేశారా?" అంది.

"ఈ ఏడు కాపు లేదు," అన్నాడు పెంచలప్రసాద్. కోడ్ కలిసింది.

ఎండుచేపల వ్యాపారి యాసీన్ వ్యాన్‌లో పిస్టల్ ఉందని, యాసీన్‌కి ఆ సంగతే తెలియదని గబగబా చెప్పింది. చెప్పి వెళ్లబోతూ ఆగింది.

"అన్నా, నన్ను నమ్మకపోయినా ఈ మాట నమ్ము. ఆ పిలగాడు మా వీధోడు. వాడికేమన్నా అయితే మా అమ్మకి మొహం చూపించలేను."

పెంచలప్రసాద్ కబురందించగానే పోలీసులు వ్యాన్ వెతికారు. మంచు డబ్బా కింద పిస్టల్ దొరికింది. యాసీన్ తనకేమీ తెలియదని ఏడుస్తుంటే జీపెక్కించారు. అధికారులు ఊపిరి పీల్చుకున్నారు. పోలీసు పిస్టల్ విప్పుతుంటే పెంచలప్రసాద్ పక్కనుంచి చూశాడు. పిస్టల్‌లో తూటాలు లేవు. నేరం యాసీన్ మీద పడేలా, కాపలా సడలేలా, దొరకడానికే పెట్టిన పిస్టల్ అది. అయితే చంపేది ఎవరు, ఎక్కణ్ణుంచి?

వేదిక మీద పర్యావరణ అధికారి గొంతు సవరించుకుని చిన్నపోలయ్యని పిలిచాడు. తెల్లచొక్కాల గుంపులోంచి ముసలాయన లేచి మైక్ దగ్గరికి నడిచాడు. కంపెనీ చెప్పిన ప్రకారం ఇర్ఫానా వెళ్లి ఆయన భుజాల మీద నారింజరంగు శాలువా కప్పింది. అది మర్యాదే అనుకుంది. గురి పెట్టేవాడికి ఆనవాలని ఆమెకీ చెప్పలేదు వాళ్లు.

పెంచలప్రసాద్ జనాన్ని వరసగా చూశాడు. ఆడవాళ్లు, మొగవాళ్లు, పిల్లలు, అందరూ నోరు మూసుకుని ఉన్నారు. వాళ్ల వెనక ఇసుకలో పడవలు వరసగా ఉన్నాయి. వాటి వెనక సముద్రం, అలల అవతల ఆకుపచ్చ పడవలో తలపాగా చుట్టుకున్న జాలరి వల సర్దుకుంటున్నాడు. లుంగీ, పడవ మీద రంగు, ముక్కు మీద రాసిన పేరు, అన్నీ ఈ ఊరి పద్ధతివే. చూపు దాటిపోయి మళ్లీ వెనక్కొచ్చింది.

ఈరోజు దురాయి. ఒక్క పడవ కూడా దిగదు.

వేషం కట్టినవాడు అన్నీ నేర్చుకున్నాడు, ఆ రోజు ఈ ఊరివాడు సముద్రంలో ఉండడన్న ఒక్క సంగతి తప్ప. వల కింద జైరో మౌంట్ మీద స్నైపర్ రైఫిల్ ఉండి ఉంటుంది. పడవ ఊగినా గొట్టం ఊగదు. వేదిక దాకా పరిగెత్తే వ్యవధి లేదు, స్పీకర్లలో అరిస్తే వాడికీ వినబడుతుంది. పెంచలప్రసాద్ యాంప్లిఫయర్‌లో దాచిన ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. అది మోగేది మనవాళ్లు ఇర్ఫానా బుట్టకమ్మలో పెట్టిన రిసీవర్‌లో.

"సముద్రంలో పడవుంది. తుపాకీ అక్కడుంది."

ఇర్ఫానా తలెత్తి సముద్రం వైపు చూసింది. పక్కకి దూకి తను తప్పించుకోవచ్చు. దూకలేదు. తను కప్పిన శాలువానే రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. చిన్నపోలయ్య మోకాళ్ల మీద పడ్డాడు. ఆయన తల ఉండాల్సిన చోటు మీదుగా వచ్చిన గుండు ఇర్ఫానా మెడ కింద దిగింది. ఆమె వేదిక మీద పడిపోయింది. నల్లకళ్లద్దాలు మెట్ల మీద దొర్లాయి.

అధికారులు బల్లల కింద దూరారు. ఊరు కదల్లేదు. కాపు చెప్పందే కదలదు. చిన్నపోలయ్య నెత్తురంటిన చేత్తో మైక్ అందుకున్నాడు.

"రేవు మాకొద్దు. రాసుకోండి సారూ," అన్నాడు. ఆ తర్వాత జనం వైపు తిరిగి, "దురాయి ఎత్తేసినా. ఆ పిల్లని చంపినోడు అదిగో. పడవలు తొయ్యండి," అన్నాడు.

అప్పటిదాకా రాళ్లలా కూర్చున్న జనం ఒక్కసారి లేచారు. ఆకుపచ్చ పడవవాడు ఇంజిన్ వేశాడు గాని, ఆ అలలు వాడివి కావు. నాలుగువైపులా చుట్టుముట్టి, వాడి వలలోనే వాణ్ణి చుట్టి ఒడ్డుకి లాక్కొచ్చారు.

పెంచలప్రసాద్ ఇర్ఫానా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. బతికుండగా ఆమెని నమ్మనందుకు సిగ్గేసింది. బుట్టకమ్మ నెమ్మదిగా తీసి జేబులో వేసుకున్నాడు.

తర్వాత జరిగింది పద్మనాభయ్య ఫోన్‌లో చెప్పాడు. పట్టుబడినవాడి దగ్గర దౌత్య పాస్‌పోర్టు ఉంది, మర్యాదగా విమానం ఎక్కించారు. నీలధార పోర్ట్స్ పేరు మార్చుకుంది. యాసీన్‌ని విచారణ పేరుతో లోపలే ఉంచారు. సభ ప్రశాంతంగా ముగిసిందని, వడదెబ్బకి ఒక మహిళ మరణించిందని రిపోర్టు వెళ్లింది. సూళ్లూరుపేటలో ఆమె తల్లి నాగూర్‌బీకి కూడా అదే చెప్పమని ఆర్డరు. పెంచలప్రసాద్ వెళ్లి నిజం చెప్పి వచ్చాడు. దానికి మెమో ఇచ్చారు.

రాళ్లపాళెంలో మాత్రం ఆ సాయంత్రమే పంచాయితీ కూర్చుంది. దురాయి రోజున సముద్రంలో దిగిన తప్పుకి ఆకుపచ్చ పడవని ఊరు జప్తు చేసింది. హత్య, గూఢచర్యం, దొంగ కంపెనీ, దొంగ రిపోర్టు... ఇన్ని నేరాలు జరిగిన ఆ రోజున శిక్షంటూ పడింది ఆ పడవ ఒక్కదానికే.