లాగినా ఆగని బెల్టు

మన రాష్ట్రం దాటి, కిరండూల్ ఊరి అవతల ఇనుపరాయి జల్లెడ పట్టే ఓ ప్రైవేటు ప్లాంటులో కంప్యూటర్ల పని నాది. ఆ మధ్యాహ్నం కంట్రోల్ రూమ్‌లో టీ తాగుతూ కూర్చున్నాను. కిటికీ బయట ఎర్రటి వాననీళ్లు కాలువ కట్టి పారుతున్నాయి.

అంతకు నెల ముందు మంగల్ అనే కూలీ రాయి మోసే బెల్టులో చిక్కుకుని చనిపోయాడు. బెల్టు పొడుగునా ఓ తాడు ఉంటుంది. ప్రమాదం వస్తే దాన్ని లాగాలి, బెల్టు ఆగాలి. మంగల్ తాగి ఉన్నాడనీ, తాడు లాగనే లేదనీ మేనేజర్ హరిప్రసాద్ తేల్చేశాడు. మంగల్ భార్య సోమ్లీ ఆ పొద్దున గేటు దగ్గర నన్ను ఆపి, తన మనిషి ఎన్నడూ తాగడని హిందీలో చెప్పి వెళ్లిపోయింది. ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

బెల్టును నడిపే ప్రోగ్రామ్ పాతది. దాని అసలు కోడ్ ఎవరి దగ్గరా లేదు. మిగిలింది యంత్రానికి తప్ప మనిషికి అర్థంకాని కంపైల్ అయిన ఫైలు. అందులోంచి ఒక్కో ఫంక్షన్‌నూ, అంటే ఒక్కో పనికి రాసిన ఆజ్ఞల ముక్కనూ, విడదీసి చూపే చిన్న టూల్ ఒకటుంది. బటన్లేమీ ఉండవు, నల్లటి తెర మీద కమాండ్ టైపు చెయ్యాలి. ఫైలు కాపీని నా లాప్‌టాప్‌లో వేసుకుని మొదలుపెట్టాను.

మబ్బు కమ్మి గది చీకటైంది. కరెంటు పోయింది. బెల్టు ఆగిపోయింది. లాప్‌టాప్ వెలుగొక్కటే మిగిలింది.

మోటారు తిప్పే ఫంక్షన్ విడిపడింది. వేగం చూసేదీ వచ్చింది. మూడో కమాండ్ కొట్టేసరికి... బయట బెల్టు కదిలిన చప్పుడు.

కరెంటు లేదు.

కాలిన రబ్బరు వాసన. దాని వెనకే తడి ఇనుము వాసన. నా కుర్చీ వెనక ఎవరో రొప్పుతున్నారు... తిరిగి చూడలేకపోయాను. మెడ మీద చల్లగా ఓ చుక్క పడింది.

"నేను లాగిన..."

గుసగుస. చెవి పక్కనే.

పారిపోదామని లేచాను. అంతలో తెర మీద తాడు ఫంక్షన్ తెరుచుకుంది. మోటారు ఆపే ఆజ్ఞలన్నీ అందులో ఉన్నాయి. వాటికి ముందు ఎవరో ఇంకో ఆజ్ఞ ఇరికించారు. ఏమీ చెయ్యకుండా వెనక్కి వెళ్లిపొమ్మని. మాటిమాటికీ బెల్టు ఆగితే పని చెడుతుందని చేసి ఉంటారు. ఇక తాడు ఎంత లాగినా ఒకటే.

భయం పోలేదు. దాన్ని మించి కోపం వచ్చింది.

"లాగావు. నాకు తెలిసింది. నన్ను బెదిరించకు, పని చెయ్యనీ," అన్నాను చీకటితో.

రొప్పు ఆగింది. వెంటనే ఫోన్ నెట్ కలిపి, ఆ ఫంక్షన్‌నూ ఫైలునూ గనుల భద్రతా అధికారులకు పంపేశాను.

కాసేపటికి హరిప్రసాద్ టార్చితో వచ్చాడు. తెర చూసి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"అది తీసెయ్ నవీనా. రేపు నీకు ఉద్యోగం ఉండాలా, వద్దా?"

"తీసెయ్యను సార్. చేరాల్సిన చోటికి చేరింది. ఉద్యోగం మీరే ఉంచుకోండి."

మర్నాడే నన్ను పంపించేశారు. కానీ విచారణ జరిగింది. మంగల్ తప్పు లేదని అధికారులు ఒప్పుకున్నారు. ఆ సంగతి చెబుదామని సోమ్లీ ఇంటికి వెళ్లాను. ఆ రోజు విన్న గొంతు గురించీ చెప్పాను. తాడు లాగానని మంగలే తెలుగులో నాతో అన్నాడని.

సోమ్లీ తల అడ్డంగా ఊపింది.

"ఆయనకి తెలుగు రాదు దీదీ," అంది. "ఒక్క ముక్క కూడా."

ఆ ప్లాంటులో మంగల్‌కి ముందు ఎవరూ చనిపోలేదనే అందరూ చెబుతారు. నేను మాత్రం అడుగుతూనే ఉన్నాను, ఆ బెల్టు దగ్గర తెలుగు మాట్లాడే కూలీ ఎవరైనా ఉండేవాడా అని.