లేచి నిలబడని అత్త

ఆదివారం పొద్దున కమలాపురంలోని అత్తగారింట్లో పొయ్యి మీద పప్పు ఇంకా ఉడకనే లేదు, నడవలో పెద్దల్లుడు ఓబుళేశు మాత్రం బాగా ఉడికిపోయాడు. డోన్‌లో రెండు లారీలు పెట్టుకుని, టమాటాలు కుళ్లకుండా ఊళ్లు చేర్చే మనిషి, తోడల్లుణ్ణి చూస్తే తను కుళ్లకుండా ఉండలేడు.

తోడల్లుడు భూపేష్‌ది కడపలో బ్యాంకు ఉద్యోగం, మెత్తటి మాట, మడత నలగని చొక్కా. అతను గడప దాటగానే అత్త నాగలక్ష్మమ్మ మోకాళ్లు పట్టుకుని మరీ లేచి, భుజం నిండా కొంగు కప్పుకుని తలుపు వారగా నిలబడింది. అంతకుముందు తను వచ్చినప్పుడో? కాళ్లు చాపుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, "వచ్చినావా, ఆ చేట ఇట్ల తొయ్యి" అంది.

అది చాలదన్నట్టు తన కూతురు సాహితి ఇంకొకటి తెచ్చింది. సైకాలజీ చదివే ఆ పిల్ల, మనుషుల మధ్య దగ్గరితనాన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేసింది. అది నిజంగా దాన్నే కొలుస్తోందో లేదో ముందు ఇంట్లో చూసుకురమ్మన్నారట మేడం. నిన్న ఇద్దరల్లుళ్ల గురించీ అవ్వను అడిగింది.

"చిన్నాయనకు నూటికి తొంభై నాయనా. నీకు నలభై."

దీపావళికి పేలాల్సిన టపాసు ప్రశ్నావళికే పేలింది.

"కన్నకూతురే నాయన్ను ఫెయిలు చేసేది యాడన్నా ఉండాదా?"

"నేనేం చేసినా? అవన్నీ అవ్వ చెప్పిన జవాబులే."

ఆ మాట గుచ్చుకుంది. అమ్మను ఊహ తెలియకముందే పోగొట్టుకున్న ఓబుళేశు, పెళ్లినాటి నుంచి అత్తలోనే అమ్మను చూసుకున్నాడు. రేపు ఆమెకు కర్నూలులో మోకాలి ఆపరేషన్. తోడుగా తనే ఉండాలని లారీలకు సెలవిచ్చి మరీ వచ్చాడు.

"నలభై మార్కులోడు ఆసుపత్రిలో ఏం పనికొస్తాడు? తొంభై మార్కులాయన్నే పిల్చకపొమ్మను. నేను డోన్‌కు పోతాండా." సంచి భుజాన వేసుకున్నాడు.

"ఆగప్పా," అంది నాగలక్ష్మమ్మ. "పాపా, నన్నేమడిగినావో మీ నాయన ముందర మళ్లా చదువు."

"ఆయన వస్తే లేచి ఎదురుపోతావా?"

"లేయను."

"ఏదన్నా కావాలంటే అడిగి తీసుకుంటాడా?"

"యాడడుగుతాడు? వంటింట్లోకి పోయి మూత తీసి చూస్తాడు. ఉప్పు తక్కువైతే నా మీద అరుస్తాడు."

"మెత్తగా మాట్లాడతాడా?"

"ఆ గొంతుకు డోన్ స్టేషన్లో మైకు అక్కర్లేదు."

ఓబుళేశు తల వంచుకున్నాడు. నాగలక్ష్మమ్మ తలుపు పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"చిన్నల్లుడు వచ్చినప్పట్నుంచి నిలబడే ఉండా. మోకాళ్లు పగిలిపోతాండాయి. అల్లుడి ముందర ఎట్ల కూర్చునేది? రేపు ఆపరేషనైనాక, నన్ను లేపి కూర్చోబెట్టప్పా అని ఆయనకెట్ల చెప్పేది? సిగ్గుతో సస్తా. నీ ముందరైతే కాళ్లు చాపుకుంటా, ఏడుస్తా, తిడతా. కొడుకొస్తే లేచి నిలబడే తల్లి యాడన్నా ఉంటాదా?"

సాహితి కలం మూసింది. "నా ప్రశ్నలన్నీ మర్యాదనే కొలిచినాయి అవ్వా. చనువు గురించి అడగనే లేదు."

భూపేష్ గబగబా పీట తెచ్చి వేశాడు. "కూర్చోండి అత్తయ్యా." తర్వాత ఓబుళేశు వైపు తిరిగి, నెమ్మదిగా, "నాకు ఆ నలభై ఎప్పుడొస్తాయన్నా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వు కూడా కొంచెం ఉడుకుతోంది.

ఓబుళేశు సంచి దించి వంటింట్లోకి నడిచాడు. మూత తీసి గరిటెతో పప్పు నోట్లో వేసుకున్నాడు. కళ్లలో నీళ్లకు ఏమీ కనబడలేదు.

"ఉప్పు తక్కువ అత్తా." డోన్ మైకు లోపలే బొంగురుపోయింది.

"డబ్బా యాడుండాదో నీకు తెలీదా?" అంది నాగలక్ష్మమ్మ, పీట మీద కూర్చుని కాళ్లు చాపుకుంటూ. "ఏసుకో."