తాతబ్బాయి చెప్పిన లోతు

వీరవేణి పులుసులో బెల్లం వేస్తోంది. చెవిపూసలో ఆమె అమ్మమ్మ గొంతు "ఇంకాస్త వెయ్యి, ఇంకాస్త" అంటూనే ఉంది. అంతలో వెనకగదిలో ఎర్రదీపం వెలిగింది. వేణి గరిటె పక్కన పడేసి పరుగెత్తింది.

ఆ రోజుల్లో పోయినవాళ్ల గొంతులు ఇంటింటా పనిచేసేవి. మనిషి బతికుండగా చెవిపూసలో పలికిన మాటలన్నీ దాచిపెట్టి, పోయాక అయినవాళ్ల చెవిలో అవసరానికి తగ్గట్టు వినిపించేవారు. వడ్రంగికి తండ్రి గొంతు కొలత చెప్పేది, పురోహితుడికి తాతగారి గొంతు మంత్రం అందించేది. ఊరందరి గొంతులూ పట్నంలోని నిలవకేంద్రంలో ఉంటే, వేణి మాత్రం ఇంట్లోనే సొంతంగా ఒక కంఠగూడు కట్టుకుంది. పాత యంత్రాల్లోంచి ఏరి తెచ్చిన, గొంతులు దాచే ఎనిమిది నిలవపళ్లేలు, పైవరసలో నాలుగు, కిందివరసలో నాలుగు, వరసకో ఫ్యాను, చుట్టూ ఒక రేకుపెట్టె. చూడ్డానికి బియ్యం డబ్బాలా ఉన్నా, ఊళ్లో చదువుకున్నవాళ్లు కూడా దాన్ని చూసి నోరు వెళ్లబెట్టేవారు.

ఎర్రదీపం కిందివరసలో మొదటి పళ్లేనిది. ఫరవాలేదు. ఎనిమిదింటిలో రెండు చచ్చినా తక్కిన ఆరూ కలిసి ఆ లోటు పూడ్చుకుంటాయి. మూడోది పోతే మాత్రం గొంతులన్నీ పోయినట్టే.

"ఏమే వేణీ!" చెవిలో మొగుడి గొంతు పలికింది. "తమ్ముడికేమైందే? మాట మాటకీ ఆగిపోతన్నాడు!"

ఏడుకొండలు పంటు నడిపే సరంగు. సముద్రం పైకొచ్చి వంతెనలన్నీ కూలిపోయాక, లంకలవాళ్లకి గోదావరి దాటడానికి పంటులే దిక్కు. ఏట్లో ఇసుకమేటలు పూటకో చోటికి జరుగుతాయి. ఎక్కడ ఎంత లోతుందో చెవిలో చెబుతూ దారి చూపించేది అతని తమ్ముడు తాతబ్బాయి. పదకొండేళ్ల కిందట జ్వరమొచ్చి పోయాడు. బతికున్నన్నాళ్లూ పంటు ముందు నిలబడి గెడ దింపుతూ, "రెండు బారలన్నా! ఎడమకి కొట్టన్నా!" అని కేకవేసేవాడు. ఆ కేకే ఇప్పటికీ అన్న చెవిలో మోగుతోంది.

"ఎక్కడున్నావు మావా?"

"నడి ఏట్లో. యాభై ఎనిమిది మంది జనం. ఆటు మొదలైపోయింది."

ఆటుకి నీళ్లు సముద్రంలోకి లాగేస్తుంటే పంటు ఆగడానికి వీల్లేదు. ఆగితే కిందికి కొట్టుకుపోయి ఏదో ఒక మేట ఎక్కుతుంది, ఎక్కితే నిండు జనంతో ఒరిగిపోతుంది.

నిరుడు ఇలాగే అయినప్పుడు ఎలుక వైరు కొరికేసింది. ఇదీ అదే అనుకుని వైరు మార్చింది. దీపం ఆరలేదు సరికదా, పక్క పళ్లెం మీద ఇంకొకటి వెలిగింది. దానికీ కొత్త వైరు తగిలించింది. లాభం లేకపోయింది. అప్పుడైనా రెండూ ఒకే వరసలోవెందుకు పోతున్నాయని ఆలోచించాల్సింది. కానీ చెవిలో మొగుడు, "ఏంటే, ఏం చేస్తన్నావే" అని తరుముతుంటే ఆలోచన ఎక్కడ సాగుతుంది!

"ఎదర మేట ఉందా?"

"ఆ మలుపు వచ్చేదాకా లేదు. ఆడే చెప్పాడు."

"అయితే ఒక్క నిమిషం ఓర్చుకో. పెట్టె ఆర్పి వెలిగిస్తాను."

ఆర్పింది. పది లెక్కపెట్టి వెలిగించింది. అయిదు పచ్చదీపాలు వెలిగాయి. ఆరోది ఎర్రగా మిణుకుమని అలాగే నిలిచిపోయింది. చెవిలో అమ్మమ్మ లేదు. తాతబ్బాయి లేడు. చేజేతులా చేసుకున్నానని వేణికి ఏడుపు ముంచుకొచ్చింది.

ఏడవడానికి పెట్టె మీద చెయ్యి వేసి చుర్రుమని వెనక్కి తీసుకుంది. పెట్టె కింది సగం పెనంలా కాలుతోంది. వైరు కాదు, పళ్లెం కాదు, వేడి! రేకు విప్పి చూస్తే కింది ఫ్యాను కదలడం లేదు. రెక్కకీ చట్రానికీ మధ్య పచ్చటి గింజ ఒకటి ఇరుక్కుంది. పసుపు కలిపిన బియ్యపుగింజ.

నిన్న ఆయుధపూజ. ఏడుకొండలు చుక్కానికి, గెడకి పూజ చేసి, ఆఖర్న ఈ పెట్టె దగ్గర కూర్చున్నాడు. "మన ఇంట్లో అసలు పనివాడు వీడే" అంటూ దోసిలినిండా అక్షతలు పోశాడు. వేణి పక్కనే ఉండి హారతి ఇచ్చింది. ఒక్క గింజ కూడా తుడవలేదు.

సూదితో గింజ తీసింది. ఫ్యాను తిరిగింది. కానీ పళ్లెం చల్లారి లేవాలంటే గంట పడుతుంది.

"మలుపు వచ్చేత్తంది! ఆడేడే?"

పెట్టె పక్కనున్న చిన్న తెర మీద లోతు అంకెలు మారుతూనే ఉన్నాయి, లోతెక్కువున్న వైపుకి బాణం చూపిస్తూనే ఉంది. రెండుంబావు. రెండు. ఒకటీ ముప్పాతిక. బారన్నర లేకపోతే పంటు అడుగు నేలకి తగులుతుంది. ఆ అంకెల సంగతి ఆమెకి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. పోయినవాళ్ల గొంతుతో వాళ్లు అనని మాట అనిపించడం నేరం. నిలవకేంద్రం చచ్చినా ఒప్పుకోదు. ఆమె సొంతంగా పెట్టె కట్టుకుంది అందుకే.

"మావా, నేను చెప్తాను. ఒకటీ ముప్పాతిక ఉంది. కుడికి కొట్టు."

"నువ్వా? ఎప్పుడన్నా ఏట్లో గెడేశావా నువ్వు? తమ్ముణ్ణి పిలువు."

"ఆడు లేడు. కుడికి కొట్టు మావా, నీకు దణ్ణం పెడతాను."

"నా చేతులు తిరగట్లేదే. ఆడు చెప్పకుండా నేనెప్పుడు తిప్పాను!"

ఒకటీ ముప్పాతిక కూడా లేదు. తెర మీద అంకె ఇంకా దిగుతోంది. వేణి కళ్లు మూసుకుని అనేసింది.

"ఆడు చెప్పిన లోతులు రెండేళ్లకే పనికిరాకుండా పోయాయి మావా. మేటలన్నీ కదిలిపోయాయి. యంత్రం గొంతు చెప్తే నువ్వు వినలేదు, రెండుసార్లు పంటు మేటెక్కించావు. అందుకని పంటు అడుగున ముందూ పక్కలా లోతు చూసే లోతుకన్ను పెట్టి, అది పంపే లెక్కని ఆడి గొంతుతో అనిపించాను. తొమ్మిదేళ్లుగా నువ్విన్నది ఆ లెక్కే. ఇప్పుడదే నా గొంతుతో చెప్తన్నాను."



"నాకు కునుకొస్తే, 'అన్నా, ముఖం కడుక్కో' అనేవాడు," అన్నాడు ఏడుకొండలు.

"అదీ నేనే రాసిపెట్టాను."

ఎవరో పసిపిల్ల ఏడుపు వినిపించింది. జనంలో కలకలం రేగింది. తెర మీద ఒకటిన్నర పడింది.

"చెప్పు," అన్నాడు.

"కుడికి. ఇంకా కుడికి. ఒకటిన్నర. అదే ఒకటిన్నర. ఇంకా కొట్టు. ఒకటీ ముప్పాతిక. రెండు!"

అరగంట సేపు గొంతు బొంగురుపోయేలా చెప్పింది. పంటు రేవుకి తగిలినప్పుడు జనం దిగుతున్న అలికిడి విని, మాడిపోయిన పులుసు వాసన మధ్య గోడకి చేరగిలబడిపోయింది.

మధ్యాహ్నానికి ఏడుకొండలు ఇంటికొచ్చాడు. తిడతాడని, కొట్టినా కొడతాడని వేణి గుమ్మంలోనే నిలబడిపోయింది. అతను కాళ్లు కూడా కడుక్కోకుండా పెట్టె ముందు చతికిలబడ్డాడు. ఎనిమిదింటిలో ఆరు పచ్చగా వెలుగుతున్నాయి.

"గొంతు ఉందా?"

"ఉంది మావా. చల్లారాక ఆరో పళ్లెం లేచింది. ఏమీ పోలేదు. పూసలో పెట్టమంటావా?"

అతను చెవిలో పూస తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు.

"ఆడు నాతో నిజంగా మాట్టాడిన ఆఖరి మాటేంటే?"

"ఆస్పత్రిలో మంచినీళ్లడిగాడు. నువ్వే పట్టావు."

"అవును, నేనే పట్టాను," అని తల వంచుకున్నాడు. పదకొండేళ్లలో అతని కంట నీరు చూడడం వేణికి అదే మొదలు. తమ్ముడు పోయిన రోజున కూడా ఏడవని మనిషి పసివాడిలా వెక్కుతుంటే ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

కాసేపటికి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"మొన్న పెద్దల అమావాస్యకి నాన్నకి బట్టలు పెట్టాం, అమ్మకి పెట్టాం," అన్నాడు. "ఇన్నేళ్లలో ఆడికి ఒక్కసారీ పెట్టలేదు కదే."